ఆర్ట్స్ నుంచి ఇంజనీరింగ్ పీజీకి: ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్ ఎంతవరకు పనికొస్తుంది?

డిగ్రీలో సాహిత్యమో చరిత్రో చదివి ఇప్పుడు ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ చేద్దామనుకునేవాళ్లకు ముందుగా అడ్డం పడేది లెక్కలే. క్యాలిక్యులస్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, లీనియర్ ఆల్జీబ్రా, కొంత ఫిజిక్స్, కాస్త ప్రోగ్రామింగ్, ఇవి లేకపోతే చాలా డిపార్ట్‌మెంట్లు అప్లికేషన్ పక్కన పెట్టేస్తాయి. నేనూ ఆ దారిలోనే ఉన్నాను, లెక్కల వరకు ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌నే నమ్ముకున్నాను, అంటే అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ తన కోర్సుల వీడియోలు, ప్రాబ్లమ్ సెట్లు, పరీక్ష పేపర్లు అందరికీ పెట్టిన వెబ్‌సైట్. పైసా ఖర్చు లేదు, లాగిన్ కూడా అడగదు.

కోర్సుల్ని అందరూ నంబర్లతోనే పిలుస్తారు. 18.01, 18.02 క్యాలిక్యులస్, 18.03 డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, 18.06 లీనియర్ ఆల్జీబ్రా. నంబరు చివర ఎస్‌సీ (స్కాలర్) అని ఉన్నవి సొంతంగా చదువుకునేవాళ్ల కోసం చేసినవి, అవే తీసుకోండి. మొదలుపెట్టడానికి స్కూలు ఆల్జీబ్రా, ట్రిగనామెట్రీ గుర్తుంటే చాలు.

నాకు బాగా నచ్చింది 18.06. ఆ కోర్సు చెప్పే ఎంఐటీ ప్రొఫెసర్ గిల్బర్ట్ స్ట్రాంగ్ మొదటి క్లాసులో రెండు చిన్న సమీకరణాలు రాస్తారు: రెండు ఎక్స్ మైనస్ వై సున్నా, మైనస్ ఎక్స్ ప్లస్ రెండు వై మూడు. ముందు వాటిని రెండు గీతలుగా గీసి ఎక్కడ కలుస్తాయో చూపిస్తారు, ఆ తర్వాత అవే అంకెల్ని నిలువు వరుసలుగా చూడమంటారు, మొదటి వరుసను ఒకసారి, రెండోదాన్ని రెండుసార్లు తీసుకుని కలిపితే కుడివైపున్న సున్నా, మూడు వచ్చేస్తాయి. లెక్క ఒకటే, బొమ్మలు రెండు. ఒకే పద్యానికి రెండు అర్థాలు వెతికే అలవాటున్న మనలాంటివాళ్లకు ఇది ఇట్టే ఎక్కుతుంది (ఆయన 2023లో రిటైరయ్యారు, వీడియోలు మాత్రం ఎక్కడికీ పోలేదు).

వీడియోలు పాతవి, క్వాలిటీ అంతంతమాత్రం, డౌట్ వస్తే అడగడానికి ఎవరూ ఉండరు. లెక్చర్ చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది, ప్రాబ్లమ్ సెట్ ముందు కూర్చుంటే పెన్ను కదలదు. జవాబులు పక్కనే ఉన్నా తెరవకుండా కుస్తీ పట్టాలి, పాత పరీక్ష పేపర్లు టైమ్ పెట్టుకుని రాయాలి.

అసలు ఇబ్బంది వేరే ఉంది. ఇక్కడ సర్టిఫికెట్ ఇవ్వరు, క్రెడిట్లు రావు. అడ్మిషన్ కమిటీకి కావాల్సింది ట్రాన్స్‌క్రిప్ట్‌లో, అంటే కాలేజీ ఇచ్చే మార్కుల జాబితాలో, గ్రేడు. అందుకే ఇక్కడ నేర్చుకుని, క్రెడిట్ ఇచ్చే కాలేజీలో అదే కోర్సు తీసుకుని పరీక్ష రాయడం మేలు, అప్పటికే సగం వచ్చి ఉంటుంది కాబట్టి టెన్షన్ తక్కువ. నేర్పడానికి ఐదుకి నాలుగున్నర ఇస్తా, అడ్మిషన్‌కి సున్నా. కొన్ని యూనివర్సిటీలు ఆన్‌లైన్ క్రెడిట్లను ఒప్పుకోవు, కొన్ని సీటు ఇచ్చాక బ్రిడ్జి కోర్సులు (తక్కువైన సబ్జెక్టులు పూడ్చుకునే కోర్సులు) చేయమంటాయి, కాబట్టి ఎక్కడైనా ఫీజు కట్టే ముందే డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ పెట్టి ఏయే కోర్సులు కావాలో రాతపూర్వకంగా తెప్పించుకోండి.