నాలుగేళ్లు బరువులెత్తాక నా పొట్ట సంగతి

మహబూబ్‌నగర్‌లో మాకు పల్లీల కొట్టు. గల్లా దగ్గర కూర్చునే పని నాది, ముప్పై దాటేసరికి బొజ్జ వచ్చేసింది. జిమ్‌లో చేరిన రోజే అక్కడి కోచ్ అన్నాడు: "పొట్ట ముడిచే క్రంచెస్ ఎందుకన్నా, స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ బరువు పెంచుకుంట పో, సిక్స్‌ప్యాక్ అదే వస్తది." నమ్మాను. వారానికి మూడు రోజులు ఆ రెండూ (భుజాల మీద బరువుతో గుంజీలు తీయడం స్క్వాట్, నేల మీది బరువును పట్టుకుని నిటారుగా లేవడం డెడ్‌లిఫ్ట్), నిలబడి బరువును తలపైకి ఎత్తే ఓవర్‌హెడ్ ప్రెస్, అంతే.

సిక్స్‌ప్యాక్ రాలేదు. స్క్వాట్ 40 కిలోల నుంచి 120కి, డెడ్‌లిఫ్ట్ 150కి వచ్చింది. (మా జిమ్ లెక్క ప్రకారం. అనుమానమొచ్చి ఒక 20 కిలోల ప్లేటును కొట్లో కాంటా మీద పెడితే పద్దెనిమిదిన్నరే తూగింది!) రెండేళ్లకు నా బరువు 74 నుంచి 82 అయింది. నడుము మాత్రం 36 అంగుళాల దగ్గరే ఉంది. తొడలకు సరిపోయే ప్యాంటు నడుము దగ్గర వదులు, నడుముకు సరిపోయేది తొడలు దాటదు. టైలర్‌కు నేనంటేనే చిరాకు.

బరువు ఎత్తేముందు ఊపిరి పొట్టలోకి పీల్చి బిగబడతాం కదా, అప్పుడు నడుము చుట్టూ గాలి కొట్టిన ట్యూబులా గట్టిపడుతుంది. పొట్ట కండరం పని అక్కడ వెన్ను వంగకుండా కాయడమే, ముడుచుకుని సాగే పని దానికి పెద్దగా ఉండదు. నడుము భాగంలో అసలు బరువు మోసేది వెన్నెముకకు రెండు పక్కలా ఉండే కండరాలు. నాకు పెరిగినవీ అవే, వీపు మధ్యలో కాలువ పడింది. ఓవర్‌హెడ్ ప్రెస్ బరువు పెంచిన మర్నాడు మాత్రం దగ్గితే పొట్ట లాగేది. ఇలా ఊపిరి బిగబడితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది, అందుకే బీపీ ఉన్న మా నాన్న సరదాపడినా బరువులు ముట్టుకోనివ్వలేదు.

పొట్ట తగ్గింది మూడో ఏడు, అదీ కొట్లోనే. వచ్చిన సరుకు రుచి చూడటమని రోజంతా గుప్పెళ్లకొద్దీ పల్లీలు నమిలేవాణ్ణి. వంద గ్రాముల పల్లీల్లో దాదాపు 570 క్యాలరీలు! అది మానేశాను. రాత్రి అన్నం బదులు రెండు జొన్న రొట్టెలు, పప్పు. "బువ్వ మానితే మనిషివైతవారా" అని అమ్మ నెల రోజులు సాధించింది. ఏడు నెలల్లో నడుము 33కి దిగింది. బార్‌కు వేలాడుతూ కాళ్లెత్తే వ్యాయామం కూడా అప్పుడే మొదలుపెట్టాను, కండరం ముందుకు తేలింది దానివల్లే అనుకుంటున్నా.

ఇప్పుడు సిక్స్‌ప్యాక్ ఆరు గళ్లలో పై నాలుగు కనిపిస్తున్నాయి, అవీ ఎడమా కుడీ సమానంగా లేవు. గళ్ల మధ్య గీతలు పుట్టుకతో వచ్చేవే, ఎంత ఎత్తినా మారవు. కింది రెండింటి కోసం జొన్న రొట్టె కూడా తగ్గించే ఓపిక నాకు లేదు.

స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ మానను. హమాలీ రాని రోజు బస్తాలు నేనే దింపుతున్నా, ఇదివరకులా నడుము పట్టేయడం లేదు.