మెకానిక్ స్టెతస్కోప్: కంప్యూటర్‌లో వింత శబ్దం ఎక్కడిదో పట్టిస్తుందా?

డెస్క్‌టాప్‌లో గరగరమనో గుయ్యిమనో చప్పుడు వస్తుంటే, అది ఎక్కడిదో చెవితో చెప్పడం కష్టం. హార్డ్ డిస్క్ అదురు క్యాబినెట్ రేకుకి ఎక్కితే మోగేది రేకు. దాని పక్కనున్న ఫ్యాన్‌ని అనుమానించి మార్చేస్తే డబ్బు పోతుంది, చప్పుడు పోదు. కారు ఇంజన్ల పనిలో వాడే మెకానిక్ స్టెతస్కోప్ ఇలాంటి చోట నిజంగా అక్కరకొస్తుంది. డాక్టరు స్టెతస్కోప్‌లో బిళ్ల ఉండేచోట దీనికి చిన్న డబ్బా, ఆ డబ్బాకి మరతో బిగించే సన్నటి ఇనుప పుల్ల ఉంటాయి. పుల్ల కొనకి తగిలిన అదురే చెవిదాకా వస్తుంది, చుట్టూ ఉన్న రొద చాలావరకు బయటే ఆగిపోతుంది.

వాడేముందు పుల్లకి హీట్‌ష్రింక్ స్లీవ్ (వేడి తగిలితే ముడుచుకుని బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం) తొడగండి, కొన దగ్గర రెండు మూడు మిల్లీమీటర్లు వదిలితే చాలు. ఇది తయారైంది ఇంజన్లకి, కరెంటున్న సర్క్యూట్లకి కాదు. అందుకే స్లీవ్ వేసినా సరే మదర్‌బోర్డ్ మీద, గ్రాఫిక్స్ కార్డ్ వెనక వైపు ఆనించొద్దు. కొన రెండు పాయింట్లని కలిపిందంటే బోర్డే పోవచ్చు. ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు అందించే డబ్బా) జాలీలోంచి లోపలికి అసలు దూర్చొద్దు, పైరేకు మీదే వినాలి. ప్లగ్ పీకాక కూడా దాని కెపాసిటర్లలో ఛార్జ్ నిలిచి ఉంటుంది కాబట్టి విప్పి చూసే పని కూడా పెట్టుకోవద్దు. రబ్బరు ట్యూబు ఫ్యాన్ రెక్కల్లోకి జారకుండా రెండో చేత్తో పట్టుకోండి.

ఫ్యాన్ల విషయంలో దీని పనితనం బాగుంది. ఫ్రేమ్ మూలన, స్క్రూ పక్కన ఆనించి వింటే బాగున్న బేరింగ్ ఒకే తీరుగా సన్నగా హుస్సుమంటుంది. అరిగినదైతే ఆ హుస్సు అడుగున రాపిడి, మధ్యమధ్య చిటచిట వినిపిస్తాయి. స్లీవ్ బేరింగ్ (గుండ్లు లేకుండా నూనె మీద తిరిగే రకం) ఫ్యాన్లలో నూనె వేడెక్కి పలచబడ్డాక చప్పుడు సర్దుకోవచ్చు. అందుకే సిస్టమ్ పూర్తిగా చల్లారాక, ఆన్ చేసిన మొదటి నిమిషాల్లోనే వినాలి. అనుమానం ఒక ఫ్యాన్ మీదికి వచ్చాక, మధ్యలో స్టిక్కర్ ఉండే బుడిపె మీద వేలితో మెల్లగా నొక్కి రెండు సెకన్లు ఆపండి. చప్పుడు ఆగితే దొంగ దొరికినట్టే. ప్రాసెసర్ ఫ్యాన్‌ని అంతకంటే ఎక్కువసేపు ఆపొద్దు. దాని వైరు పీకి ఆన్ చేస్తే చాలా బోర్డులు ఫ్యాన్ ఎర్రర్ చూపించి బూట్ కానివ్వవు.

ఒక్కో ఫ్యాన్ దగ్గర అంతా బాగానే వినిపిస్తూ, దూరం నుంచి మాత్రం ‘ఊఁ... ఊఁ...’ అని పెరిగి తగ్గుతుంటే ఏ ఫ్యాన్‌లోనూ లోపం లేకపోవచ్చు. ఏడు రెక్కల ఫ్యాన్ నిమిషానికి 1200 చుట్లు తిరిగితే 140 హెర్ట్జ్ శబ్దం వస్తుంది, పక్కది 1230 తిరిగితే 143.5. ఆ రెండూ కలిసి సెకనుకి మూడున్నర సార్లు ఎగసిపడతాయి. బయోస్‌లో (మదర్‌బోర్డ్ సెట్టింగుల్లో) ఒకదాని వేగం వంద, నూటయాభై చుట్లు అటోఇటో చేస్తే ఆ ఎగసిపాటు పోతుంది.

హార్డ్ డిస్క్ పక్క అంచు మీద ఆనిస్తే నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్క్‌లో 120 హెర్ట్జ్ గుయ్యి సహజంగానే ఉంటుంది. బయట అది పెద్దగా మోగుతుంటే ట్రే స్క్రూలు, రబ్బరు వాషర్లు చూడాలి. అలా కాక టక్... టక్... అని ఒకే వరసలో కొట్టుకుంటుంటే ఇక వింటూ కూర్చోకండి, ముందు డేటా కాపీ చేసుకోండి. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో 05, సీ5, సీ6 వరసల్లో (పాడైన, అనుమానమున్న సెక్టార్ల లెక్క) రా విలువ, అంటే అసలు అంకె, సున్నా కాకపోతే అనుమానం బలపడినట్టే. అక్కడ సున్నా ఉన్నంత మాత్రాన డిస్క్ బాగున్నట్టు కాదు. లిక్విడ్ కూలర్ పంపు మూత మీద బుడగల గురగుర వినిపిస్తే రేడియేటర్ పై అంచు పంపు కంటే ఎత్తులో ఉందో లేదో చూడండి. లేకపోతే లూప్‌లోని గాలి పంపులోనే చేరుతుంది.

ఈ పరికరం చేతులెత్తేసేది కాయిల్ (తీగచుట్ట) కీచు దగ్గర. ఆ సన్నటి కూత గ్రాఫిక్స్ కార్డ్, ఎస్‌ఎంపీఎస్ కాయిల్స్ నుంచి గాలిలో వస్తుంది, పుల్ల ఆనించే చోటు ఉండదు. దానికి చుట్టిన కాగితపు గొట్టం చాలు. గేమ్ మెనూలో సెకనుకి ఫ్రేములు వందల్లో ఉన్నప్పుడు కీచుమంటూ, సెట్టింగుల్లో 60కి కట్టేయగానే తగ్గితే అది కాయిలే. చెవికి చిరాకే తప్ప, అది పాడైపోయే గుర్తు కాదు.

లోపాలూ ఉన్నాయి. చెవిలో పెట్టుకునే ముక్కలు గట్టివి, కాసేపటికే నొప్పెడతాయి. పుల్ల కొద్దిగా జారినా చెవిలో టపామని పేలినట్టుంటుంది, కాబట్టి చోటు మార్చేటప్పుడు ఎత్తి పెట్టాలి, ఈడ్చకూడదు. పుల్ల మర వదులైతే దాని గలగలే డిస్క్‌దో ఫ్యాన్‌దో అనిపిస్తుంది, ప్రతిసారీ బిగించి మొదలుపెట్టండి. రెండే ఫ్యాన్లు, ఒక ఎస్‌ఎస్‌డీ ఉన్న సిస్టమ్‌కి ఇది కొననక్కర్లేదు, వేలితో ఆపి చూస్తే సరిపోతుంది. మూడు నాలుగు హార్డ్ డిస్కులో, లిక్విడ్ కూలరో ఉంటే మాత్రం తీసుకోండి.