ఎమ్1 మ్యాక్‌బుక్ ఎయిర్: నాలుగేళ్లకు పైగా వాడాక బ్యాటరీ సంగతి

నేను చేసేది తెలుగు పుస్తకాల ప్రూఫ్‌రీడింగ్, అనువాదం. ఉండేది విజయవాడలో. రోజంతా నా స్క్రీన్ మీద ఉండేవి ఒక వర్డ్ ఫైలు, రెండు మూడు పెద్ద పీడీఎఫ్‌లు, క్రోమ్‌లో లెక్కలేనన్ని ట్యాబ్‌లు, వాట్సాప్, మధ్యలో ఎడిటర్‌తో ఓ జూమ్ కాల్. గేములు ఆడను, వీడియో ఎడిటింగ్ చేయను. ఈ పనికి 2020 నవంబర్‌లో వచ్చిన, ఆపిల్ సొంత చిప్ ఎమ్1 ఉన్న మ్యాక్‌బుక్ ఎయిర్‌ని, అందులోనూ అన్నిటికన్నా తక్కువ ధర ఉన్న 8 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజీ మోడల్‌ని నాలుగేళ్లకు పైగా వాడుతున్నాను. కొన్న వారంలోనే రాసే రివ్యూలు బోలెడు ఉన్నాయి కానీ బ్యాటరీ విషయంలో వాటితో పెద్దగా ఉపయోగం లేదు, మొదటి నెలలో ఏ ల్యాప్‌టాప్ అయినా బాగానే ఉంటుంది.

ఛార్జింగ్ చాలాసేపు నిలుస్తుంది కాబట్టి చాలామంది దీనిలో పెద్ద బ్యాటరీ పెట్టారనుకుంటారు. అదేం లేదు, 49.9 వాట్-అవర్లు మాత్రమే. నేను అంతకుముందు వాడిన ల్యాప్‌టాప్‌లోనూ దాదాపు అంతే ఉండేది, అయినా మూడు గంటలకే ఛార్జర్ వెతుక్కోవాల్సి వచ్చేది. బండి కొనేటప్పుడు ట్యాంకులో ఎన్ని లీటర్లు పడతాయని ఎవరూ అడగరు, లీటరుకు ఎంత ఇస్తుందని అడుగుతారు. ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ ప్రశ్న ఎవరూ వేయరు, షాపువాళ్లు కూడా ర్యామ్ ఎంత, ఐ5నా ఐ7నా అనే మాట్లాడతారు.

లెక్క చాలా తేలిక. బ్యాటరీలో ఉన్న వాట్-అవర్లను, ల్యాప్‌టాప్ మొత్తంగా లాగే వాట్లతో భాగిస్తే గంటలు వస్తాయి. ఆపిల్ దీనికి వైఫైలో వెబ్ చూస్తే 15 గంటలు, సినిమా చూస్తే 18 గంటలు అని చెప్పింది. 49.9ని 15తో భాగించండి, మూడుంపావు వాట్లు చిల్లర. అంటే స్క్రీన్, వైఫై, చిప్, మెమరీ అన్నీ కలిసి ఒక చిన్న ఎల్ఈడీ బల్బు కన్నా తక్కువ తీసుకుంటేనే ఆ అంకె నిజమవుతుంది. కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట కూడా ఉంది: ఆ టెస్టు చేసినప్పుడు బ్రైట్‌నెస్ కింది నుంచి 8 నొక్కుల దగ్గర పెట్టారట. మొత్తం 16 నొక్కులు కాబట్టి అది సగం వెలుతురు. మన ఎండలకి వరండాలో కూర్చుని పని చేస్తే సగం వెలుతురులో అక్షరం కనపడదు, ఒత్తు సరిగ్గా పడిందో లేదో చూడాల్సిన నాలాంటివాళ్లకి అసలు కుదరదు.

బ్యాటరీ నుంచి ఎన్ని వాట్లు పోతున్నాయో చూపించే చిన్న యాప్ ఒకటి పెట్టుకున్నాను. వర్డ్‌లో టైపు చేస్తూ పీడీఎఫ్ చూస్తుంటే నాలుగైదు వాట్ల దగ్గర ఆడుతుంది. జూమ్‌లో కెమెరా ఆన్ చేస్తే తొమ్మిది, పదికి వెళ్తుంది. బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచితే ఏ పనీ చేయకపోయినా రెండు మూడు వాట్లు అదనం. కాబట్టి కొత్తలో నాకు వచ్చింది మామూలుగా పది గంటలు, కాల్స్ ఎక్కువున్న రోజు ఏడు. ఆపిల్ చెప్పిన పదిహేను నేను ఎప్పుడూ చూడలేదు, నా పనిలో చూసే అవకాశమూ లేదు. అయినా ఆ పది గంటలు నా పని పద్ధతినే మార్చేశాయి. పొద్దున బయటికి వెళ్తే ఛార్జర్ ఇంట్లోనే వదిలేస్తాను. రత్నాచల్ ఎక్కి విశాఖ వెళ్లేటప్పుడు ప్లగ్ ఉన్న సీటు దొరుకుతుందా అన్న టెన్షన్ లేదు, ఆ ఆరు గంటలూ ప్రూఫులు చూసుకుని దిగాక కూడా సాయంత్రానికి సరిపడా మిగులుతుంది.

ఇంత తక్కువ ఎలా తింటోందని కొన్నాళ్లు ఆసక్తిగా చదివాను. ఎమ్1లో ఎనిమిది కోర్లుంటాయి, అంటే చిప్‌లో లెక్కలు చేసే భాగాలు, నాలుగు వేగంగా పనిచేసేవి, నాలుగు పొదుపుగా పనిచేసేవి. ఆ పొదుపు కోర్లు పెద్దవాటి కరెంటులో పదో వంతుతో నడుస్తాయని ఆపిల్ అప్పట్లో చెప్పుకుంది. అసలు విశేషం నాకు కనిపించింది యాక్టివిటీ మానిటర్‌లో. విండో మెనూలో సీపీయూ హిస్టరీ అని ఉంటుంది, అది తెరిచి పెట్టుకోండి, ఎనిమిది కోర్లకీ ఎనిమిది చిన్న గ్రాఫులు వస్తాయి. స్పాట్‌లైట్ ఫైళ్లను వెతికి పెట్టుకోవడం, టైమ్ మెషీన్ బ్యాకప్ లాంటి వెనక నడిచే పనులన్నీ పొదుపు కోర్ల మీదే పడతాయి, అవి నాలుగూ నిండుగా కనిపిస్తుంటాయి, పక్కన పెద్ద కోర్లు నాలుగూ దాదాపు ఖాళీగా ఉంటాయి. నేను టైపు చేస్తున్నా, పెద్ద పీడీఎఫ్‌లో పేజీలు తిప్పుతున్నా ఆ బ్యాకప్ జరుగుతోందని చేతికి తెలియదు. పాత ల్యాప్‌టాప్‌లో అలాంటి పని ఏది మొదలైనా ఫ్యాన్ మోత లేచేది, బ్యాటరీ కళ్లముందే దిగిపోయేది. మెమరీ కూడా చిప్ ప్యాకేజీలోనే ఉండటం, చిప్పులు తయారు చేసే టీఎస్ఎంసీ కంపెనీ దగ్గర 5 నానోమీటర్ల పద్ధతిలో తయారవడం, ఇవన్నీ తోడయ్యాయి. ఛార్జర్ తీసేసినా వేగం తగ్గదు, ఇది చాలామంది గమనించని సంగతి. ప్లగ్ తీయగానే మందగించే ల్యాప్‌టాప్‌లు నేను చూశాను, అలాంటివాటి బ్యాటరీ గంటల లెక్కకి అర్థం లేదు.

మూత వేశాక ఏమవుతుందో ఎవరూ రాయరు, నాకైతే అదే ముఖ్యం. రాత్రి మూత వేసి పొద్దున తీస్తే ఒకటి రెండు శాతం తగ్గి ఉంటుంది, తీసిన మరుక్షణం కర్సర్ ఆగిన చోటే ఉంటుంది. నా పాత ల్యాప్‌టాప్‌ని స్లీప్‌లో పెట్టి బ్యాగులో వేస్తే గంట తర్వాత బ్యాగే వేడెక్కి ఉండేది, లోపల ఏదో నడుస్తూనే ఉండేదన్నమాట. దాంతో ప్రతిసారీ పూర్తిగా షట్‌డౌన్ చేయడం, మళ్లీ అన్ని ఫైళ్లూ తెరుచుకోవడం. ఆ బాధ పోయింది, ఈ ఒక్కదానికే నేను డబ్బులు పెట్టేవాడిని.

ఇక బ్యాటరీని తినేసే వాటిలో నా అనుభవంలో మొదటిది వీడియో కాల్, రెండోది బ్రైట్‌నెస్, మూడోది బ్రౌజర్. యూట్యూబ్ దగ్గర ఒక చిన్న కిటుకుంది. ఎమ్1లో హెచ్.264, హెచ్ఈవీసీ, వీపీ9 అనే ఫార్మాట్ల వీడియోలను విప్పడానికి ప్రత్యేకమైన భాగం ఉంది కానీ ఏవీ1కి లేదు, అది ఎమ్3తో వచ్చింది. క్రోమ్‌లో యూట్యూబ్ ఏవీ1 వీడియో పంపిస్తే ఆ పని మామూలు కోర్ల మీద పడుతుంది, వాట్లు పెరుగుతాయి. సఫారీలో అదే వీడియో పెడితే వీపీ9లో వస్తుంది, తేడా ఆ చిన్న యాప్‌లో కనిపిస్తుంది. అందుకే పాఠాలు, ఇంటర్వ్యూలు లాంటి పొడుగు వీడియోలు సఫారీలో చూస్తాను, మిగతాదంతా క్రోమ్.

వేసవి సంగతి వేరేగా చెప్పాలి. దీనికి ఫ్యాన్ లేదు. 10 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ రాసింది, మే నెలలో బెజవాడలో గదిలోనే 35 దాటుతుంది. వర్డుకీ పీడీఎఫ్‌కీ ఏమీ కాదు, ఒళ్లో పెట్టుకుంటే కొంచెం వెచ్చగా ఉంటుంది అంతే. కానీ కరెంటు పోయి ఏసీ ఆగిన మధ్యాహ్నం, ఛార్జింగ్ పెట్టి గంటన్నర జూమ్ కాల్ నడిపితే కీబోర్డు పైభాగం బాగా వేడెక్కుతుంది. అలా వేడిగా ఉన్నప్పుడు ఛార్జింగ్ ఎక్కించడం బ్యాటరీకి మంచిది కాదు, లిథియం అయాన్ బ్యాటరీని త్వరగా ముసలిదాన్ని చేసేది వేడే. అందుకని ఎండాకాలంలో తెల్లవారుజామునే ఛార్జ్ చేసుకుని పగలంతా బ్యాటరీ మీదే నడుపుతాను. దీంతో వచ్చిన 30 వాట్ల ఛార్జర్ ఇన్వర్టర్‌కి బరువు కాదు. ఇన్వర్టర్ కూడా పడుకుంటే పీడీ (ల్యాప్‌టాప్‌కీ సరిపడా వాట్లిచ్చే యూఎస్‌బీ ఛార్జింగ్) ఉన్న 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకుతో దాదాపు ఒకసారి నిండుతుంది, నా ఫోను ఛార్జరూ పనికొస్తుంది.

అందరికీ ఇదే కొనమని మాత్రం చెప్పను. మన పుస్తకాల పేజీలు ఇప్పటికీ చాలాచోట్ల అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లోనే కడుతున్నారు, అది విండోస్ వ్యవహారం. నాకు పీడీఎఫ్ వస్తే చాలు కాబట్టి సరిపోయింది, డీటీపీ చేసేవాళ్లకి ఇది కుదరదు. టాలీతో పని ఉన్నవాళ్లకీ అంతే. మ్యాక్‌లో విండోస్ నేరుగా వేసుకునే బూట్‌క్యాంప్ ఎమ్1లో లేదు, మ్యాక్ లోపలే విండోస్ నడిపే పారలల్స్ యాప్‌లో ఇలాంటి చిప్పుల కోసం చేసిన ఆర్మ్ విండోస్ పెట్టుకోవచ్చు కానీ 8 జీబీలో అది ఇరుకు. తర్వాత ర్యామ్ పెంచుకునే దారీ లేదు. ట్యాబ్‌లు విపరీతంగా తెరిస్తే మెమరీ చాలక డిస్కు మీద పడుతుంది, అప్పుడు కొంచెం ఆగి కదులుతుంది. యూనికోడ్ తెలుగు టైపింగ్‌కి మాత్రం ఏ ఇబ్బందీ లేదు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు సిస్టమ్‌లోనే ఉంది.

ఇప్పుడు కొనేవాళ్లకి ఎమ్1 ఒక్కటే దారి కాదు. ఇంటెల్ 2024లో తెచ్చిన లూనార్ లేక్ చిప్పుల్లోనూ నాలుగు పెద్ద కోర్లు, నాలుగు పొదుపు కోర్లు, ప్యాకేజీలోనే మెమరీ. అదే ఏడాది వచ్చిన స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ల్యాప్‌టాప్‌ల చిప్పులో అమరిక వేరు, కానీ అవీ తక్కువ వాట్లతో నడిచేవే. విండోస్ కావాలి, బ్యాటరీ కూడా కావాలి అనేవాళ్లు ముందు వీటిని చూడండి, స్నాప్‌డ్రాగన్ అయితే మీ సాఫ్ట్‌వేర్ దాని మీద నడుస్తుందో లేదో షాపులోనే తేల్చుకోండి. ఇంటెల్ చిప్పు పేరు చివర హెచ్ కానీ హెచ్ఎక్స్ కానీ ఉంటే అది సాధారణంగా ఎక్కువ వాట్లు తాగే రకం. రాతకోతలకీ, ఎక్సెల్‌కీ ఆ శక్తితో పని లేదు, ఎంత తక్కువ ధరకి ఇస్తామన్నా ఒప్పుకోకండి.

నా దాంట్లో బ్యాటరీ హెల్త్ ఇప్పుడు 86 శాతం చూపిస్తోంది. 1,000 సైకిళ్ల (ఒక పూర్తి ఛార్జి వాడేస్తే ఒక సైకిల్) దాకా వచ్చేలా దీని బ్యాటరీని తయారు చేశారు, నేను అందులో సగానికి కూడా రాలేదు. పది గంటలు వచ్చేది ఎనిమిదిన్నరకి దిగింది, కాల్స్ ఉన్న రోజు ఆరు. 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ టాహో అప్‌డేట్ కూడా దీనికి ఉంది. హెల్త్ 80 కిందికి దిగితే బ్యాటరీ ఒక్కటే మార్పిస్తాను, మిషన్ మార్చే ఉద్దేశం ఇప్పట్లో లేదు.