లండన్‌లో పాకిస్తానీ హోటళ్ళకు వెళ్ళే తెలుగువారికి హెచ్చరిక: ల్యాంబ్ అని చెప్పి బీఫ్ నిహారీ వడ్డించారు

లండన్‌లో నిహారీ (రాత్రంతా ఉడికించి చేసే మాంసం కూర), కడాయి, సీఖ్ కబాబుల కోసం పాకిస్తానీ హోటళ్ళకు వెళ్ళే మనవాళ్ళందరూ, ముఖ్యంగా బీఫ్ తినని కుటుంబాలవాళ్ళు, ఈ విషయం తెలుసుకుని వెళ్ళాలని కోరుతున్నాను. తూర్పు లండన్‌లోని ఒక హోటల్లో మేము ముందుగానే స్పష్టంగా అడిగి, ల్యాంబేనని చెప్పించుకుని తెప్పించుకున్న నిహారీ బీఫ్‌తో చేసిందని సగం భోజనం అయ్యాక తెలిసింది. ఆ హోటల్ మీద స్థానిక కౌన్సిల్‌కు ఫిర్యాదు ఇచ్చాము. విచారణ తేలకముందు పేరు బయటపెట్టడం న్యాయం కాదు కాబట్టి ఇక్కడ రాయడం లేదు. కింద నేను పేర్లు చెప్పి మెచ్చుకున్న హోటళ్ళలో మాత్రం అది లేదు.

మా అత్తగారు, మామగారు ఖమ్మం నుంచి వచ్చారు. హైదరాబాదులో ఉన్నన్నాళ్ళూ రంజాన్ నెలలో హలీం తినకుండా ఉండని మనుషులు కావడంతో, ఇక్కడ పాకిస్తానీ వంట బాగుంటుందని విని, నిహారీ తినాలని వాళ్ళే అడిగారు. మెనూలో "స్పెషల్ నిహారీ" అని మాత్రమే ఉంది. ఏ మాంసమో రాయలేదు, ధర కూడా వేయలేదు. మా బల్ల దగ్గరికి వచ్చిన అబ్బాయిని, ఇంట్లో పెద్దవాళ్ళు బీఫ్ ముట్టరని చెప్పి మరీ అడిగాను. "ల్యాంబే, నిశ్చింతగా తినండి" అన్నాడు.

గిన్నె పైకి చూడటానికి చాలా బాగుంది. పైన ఎర్రటి నూనె తేలుతోంది, సన్నగా తరిగిన అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర చల్లి ఉన్నాయి, పక్కన నిమ్మచెక్క పెట్టారు. మామగారు నల్లి బొక్క చేతిలోకి తీసుకుని, మూలుగ కోసం దాన్ని పళ్ళెం అంచుకు తట్టబోయి ఆగిపోయారు. గొర్రె కాలి ఎముక మహా అయితే బొటనవేలంత లావుంటుంది. దీని రంధ్రంలో రెండు వేళ్ళు కలిపి దూరేటట్టు ఉన్నాయి. ముక్కలో పోగులు కూడా పొడుగ్గా, ముతకగా ఉండి, మధ్యలో మందంగా జిగురు పొర కనిపించింది. ఊళ్ళో మాంసం కొట్టు దగ్గర నిలబడి తూకం వేయించుకున్న మనిషికి ఆ తేడా చెప్పనక్కరలేదు. పిలిచి అడిగితే ఆ అబ్బాయి లోపలికి వెళ్ళాడు. కాసేపటికి మేనేజరు వచ్చి, తమ నిహారీ ఎప్పుడూ బీఫేనని, అబ్బాయి కొత్తవాడని చెప్పాడు. సగం తిన్నారు కాబట్టి బిల్లులోంచి తీయడం కుదరదన్నాడు. మా అత్తగారు ఒక్క మాటా అనలేదు. లేచి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చారు, ఆ రాత్రి ఇంకేమీ తినలేదు.

ఇందులో నేను తప్పు పట్టేది పాకిస్తానీ వంటను కాదు, బీఫ్ తినేవాళ్ళను అంతకన్నా కాదు. నిహారీ అంటేనే పశువు పిక్క మాంసాన్ని రాత్రంతా సన్నని సెగ మీద ఉడికించి, గోధుమపిండితో చిక్కబరిచే వంటకం. పాకిస్తాన్‌లో అది ఎక్కువగా బీఫ్‌తోనే చేస్తారు, బాగా చేసినప్పుడు దాని రుచికి పేరు పెట్టలేమని తినేవాళ్ళు చెబుతారు. పద్ధతిగా నడిపే హోటళ్ళు మెనూలోనే బీఫ్ నిహారీ అనో, ల్యాంబ్ నిహారీ అనో రాస్తాయి. రాయకుండా వదిలేసి, అడిగినవాళ్ళకు వాళ్ళు వినాలనుకునే జవాబు చెప్పి పంపడమే నా అభ్యంతరం. ఆ పనికుర్రాణ్ణి కూడా నేను నిందించను. వంటగదిలో ఏముందో బల్ల దగ్గర నిలబడేవాడికి నేర్పవలసిన బాధ్యత యజమానిది.

హైదరాబాదు అలవాటుతో ఇక్కడ మనవాళ్ళు పొరబడే చోటు ఇదే. మనకు హలీం అనగానే మటన్ గుర్తొస్తుంది. లండన్‌లో పాకిస్తానీ హలీం బీఫ్‌తోనూ ఉంటుంది, చికెన్‌తోనూ ఉంటుంది. చప్లీ కబాబు, బిహారీ కబాబు చాలా చోట్ల బీఫ్‌వే. పాయా బీఫ్‌దీ ఉంటుంది, ల్యాంబ్‌దీ ఉంటుంది. సీఖ్ కబాబు ఖీమాతో చేసేది కాబట్టి అందులో ఏది కలిసిందో కంటితో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఇక హలాల్ బోర్డు విషయం. అది జంతువును వధించిన పద్ధతిని చెబుతుందే తప్ప ఏ జంతువో చెప్పదు. "హలాల్ అని ఉంది కదా, మటనే అయివుంటుంది" అనుకున్న స్నేహితులను నేను ఎరుగుదును.

మా అనుభవం ఒంటరిది కాదు. 2014లో విచ్ అనే బ్రిటిష్ వినియోగదారుల సంస్థ లండన్, బర్మింగ్‌హామ్ టేక్‌అవేల నుంచి ల్యాంబ్ కూరలు, కబాబులు కలిపి 60 కొని పరీక్షించింది. వాటిలో 24 నమూనాల్లో బీఫ్, చికెన్ వంటి ఇతర మాంసం కలిసి ఉంది, అందులో ఏడింటిలో ల్యాంబ్ అసలు లేనే లేదు. అవన్నీ పాకిస్తానీ హోటళ్ళవని కాదు. ఆ జాడ్యం ఏ ఒక్క దేశపు వంటకూ పరిమితం కాదు. బీఫ్ కన్నా ల్యాంబ్ ఖరీదు, ఎముక తీసి ఉడికించి మసాలాలో వేశాక రెండింటికీ తేడా పోల్చడం కష్టం. కలిపేవాడికి ఆ రెండూ చాలు.

అందుకని నా సలహా ఏమిటంటే, ఆర్డరు ఇచ్చే ముందే అడగండి, అదీ ఒక్కరిని అడిగి ఊరుకోకండి. హైదరాబాదు ఉర్దూ వచ్చినవాళ్ళు "ఛోటా గోష్తా, బడా గోష్తా" (అంటే మటనా, బీఫా) అని సూటిగా అడిగితే ఇక్కడి పాకిస్తానీ సిబ్బందికి వెంటనే అర్థమవుతుంది, ల్యాంబ్ అన్న మాట దగ్గర వచ్చే తికమక ఉండదు. వంటగదిలో కనుక్కుని చెప్పమనండి. జవాబు చెప్పడానికి తటపటాయిస్తే ఆ వంటకం వదిలేసి, ఎముకే సాక్ష్యం చెప్పే వంటకం తీసుకోండి. ల్యాంబ్ చాప్స్‌లో మోసానికి చోటు లేదు. అంత చిన్న పక్కటెముక పెద్ద పశువుకు ఉండదు. కడాయి కూడా ఎముకతో ఉన్నదే అడగండి. నిజమైన కడాయి మీరు చెప్పాక టమాటా, పచ్చిమిర్చి, అల్లంతో పెద్ద మంట మీద చేసేది, పావుగంటకు పైనే పడుతుంది, కొన్ని హోటళ్ళలో అర కిలో, కిలో లెక్కన ఇస్తారు. చెప్పిన ఐదు నిమిషాలకే ఎముకలేని ముక్కలతో వచ్చిందంటే, ముందే ఉడికించిపెట్టిన మాంసాన్ని అన్ని కూరలకూ వాడే ఉల్లిపాయ గ్రేవీలో వేసి తెచ్చారని అర్థం.

అలర్జీ ఉన్నవాళ్ళకు ఇది ఇష్టాయిష్టాల సంగతి కాదు, ప్రాణం సంగతి. ఖుర్మాలో జీడిపప్పు, బాదం పొడి పడతాయి. ఖరీదు తగ్గించుకోవడానికి బాదంపొడి బదులు వేరుశనగ పొడి వాడిన ఒక రెస్టారెంటు కూర తిని, 2014లో ఉత్తర యార్క్‌షైర్‌లో వేరుశనగ అలర్జీ ఉన్న మనిషి చనిపోయాడు. ఆయన నట్స్ ఏవీ వద్దని ముందే చెప్పాడు. 2016లో ఆ యజమానికి కోర్టు ఆరేళ్ళ జైలు వేసింది. ఇక్కడి చట్టం ప్రకారం 14 రకాల అలర్జీ పదార్థాల గురించి అడిగినవాళ్ళకు హోటల్ సరైన సమాచారం ఇచ్చి తీరాలి. పిల్లలకు అలర్జీ ఉంటే ఆ సమాచారాన్ని కాగితం మీద చూపించమనండి. నోటిమాట మీద తినిపించకండి.

బిల్లు దగ్గర కూడా జాగ్రత్త అవసరం. మేము అడగకుండానే తెచ్చి బల్ల మీద పెట్టిన అప్పడాలు, చట్నీల పళ్ళేనికి మనిషికింత చొప్పున వేశారు. ధర రాయని నిహారీకి మిగతా కూరలన్నిటికన్నా ఎక్కువ వేశారు. ఆ మొత్తం మీద 12.5 శాతం సర్వీస్ చార్జి కలిపారు. సర్వీస్ చార్జి ఐచ్ఛికమని బిల్లు మీద ఉంటే దాన్ని తీసేయమని అడిగే హక్కు మీకుంది, అడగడానికి మొహమాటపడనక్కరలేదు. 2024 అక్టోబరు 1 నుంచి టిప్పులు, సర్వీస్ చార్జి మొత్తం పనివాళ్ళకే చేరాలని చట్టం వచ్చింది కాబట్టి, బాగా చూసుకున్నచోట అది ఇవ్వడమే మంచిది. అప్పడాలు మాత్రం తేగానే, ఉచితమా కాదా అని అడిగి, అక్కర్లేకపోతే అప్పుడే వెనక్కి పంపేయండి.

ఎక్కడికి వెళ్ళాలని అడిగేవాళ్ళకు నేను వైట్‌చాపెల్ చూపిస్తాను. ఫీల్డ్‌గేట్ స్ట్రీట్‌లోని తయ్యబ్స్ 1972 నుంచి ఉంది. పొగలు కక్కుతూ ఇనుప పళ్ళెంలో వచ్చే ల్యాంబ్ చాప్స్, డ్రై మీట్ అక్కడ ప్రసిద్ధం. క్యూలో నిలబడే ఓపిక ఉండాలి. దగ్గరలోనే అంబర్‌స్టన్ స్ట్రీట్‌లో లాహోర్ కబాబ్ హౌస్ ఉంది. దక్షిణాన టూటింగ్, పడమరన సౌత్‌హాల్ కూడా పాకిస్తానీ తిండికి పేరున్న చోట్లే. ఈస్ట్ హామ్‌లో ఉండే మనవాళ్ళకు గ్రీన్ స్ట్రీట్ నడిచి వెళ్ళేంత దగ్గర. ఎంత పేరున్న చోటైనా పైన చెప్పిన ప్రశ్న అడగడం మానకండి. బ్రిక్ లేన్‌లో వీధిలోకి వచ్చి డిస్కౌంటు ఆశ చూపి లోపలికి పిలిచేవాళ్ళ వెంట మాత్రం లాహోరీ వంట కోసం వెళ్ళకండి. అక్కడి హోటళ్ళు చాలావరకు బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వచ్చిన కుటుంబాలవి, వాళ్ళ చేతి వంట వేరు, దాన్ని దాని కోసమే తినాలి.

తలుపు మీద ఆకుపచ్చ, నలుపు రంగుల శుభ్రత రేటింగు స్టిక్కరు చూడటం కూడా మంచిదే. సున్నా నుంచి ఐదు వరకు ఉంటుంది. వేల్స్‌లో దాన్ని అతికించడం 2013 నుంచి తప్పనిసరి, ఇంగ్లండులో కాదు; అందువల్ల స్టిక్కరు కనిపించకపోతే ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ సైట్‌లో హోటల్ పేరు కొట్టి చూసుకోండి. అయితే ఆ అంకె శుభ్రతకే గాని, గిన్నెలో ఏ మాంసం ఉందన్నదానికి కాదు.

మాకు జరిగినట్టు మీకు జరిగితే అక్కడ గొడవ పెట్టుకోకండి, అలాగని ఊరుకోకండి కూడా. కొనుగోలుదారు అడిగిన రకం కాని ఆహారాన్ని అమ్మడం 1990 నాటి ఫుడ్ సేఫ్టీ చట్టం 14వ సెక్షను కింద నేరం. తప్పుడు వర్ణనతో అమ్మడం 15వ సెక్షను కిందికి వస్తుంది. మెనూ ఫొటో, గిన్నె ఫొటో తీసుకోండి, వంటకం పేరు కనిపించేలా రసీదు అడిగి తీసుకోండి, ఎవరు ఏ మాట అన్నారో ఆ రాత్రే రాసిపెట్టుకోండి. సిటిజన్స్ అడ్వైస్ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెబితే వాళ్ళు విషయాన్ని ఆ ప్రాంతపు ట్రేడింగ్ స్టాండర్డ్స్‌కు, అంటే అమ్మకాల్లో మోసాలను విచారించే కౌన్సిల్ విభాగానికి, చేరవేస్తారు. మీరు ఇంటికి తెచ్చుకున్న మిగులు ముక్క రుజువుగా పనికి రాకపోవచ్చు. అధికారులు తామే మామూలు కొనుగోలుదారుల్లా వెళ్ళి నమూనా కొని, ల్యాబుకు పంపి, డీఎన్ఏ పరీక్షతో ఏ జంతువో తేల్చగలరు. ఆ నమూనా కొనడానికి వాళ్ళకు కారణం కావాలి, దానికి ఒక ఫిర్యాదు కన్నా నాలుగు ఫిర్యాదులు ఎక్కువ పనిచేస్తాయి. తూర్పు లండన్‌లో ఇటీవల ఇలాంటిది ఎదురైనవాళ్ళు ఎవరైనా ఉంటే, రసీదు ఇంకా దగ్గరుంటే, ఈ వారంలోనే ఫిర్యాదు ఇవ్వండి.