క్రిస్టియన్‌స్టెడ్ పాత డౌన్‌టౌన్ (సెయింట్ క్రాయ్): షాపింగ్‌కి కాదు, నడవడానికి వెళ్ళండి

కరీబియన్ అనగానే మనవాళ్ళు క్రూజ్ బుక్ చేసుకుని సెయింట్ థామస్‌లో దిగి, నగల షాపులు చూసి, ఫొటోలు దిగి వచ్చేస్తారు. అదే యూఎస్ వర్జిన్ ఐలాండ్స్‌లో సెయింట్ క్రాయ్ అని ఇంకో దీవి ఉందని, అందులో క్రిస్టియన్‌స్టెడ్ అనే చిన్న ఊరు ఉందని చాలామందికి తెలీదు. ఒకందుకు అదే మంచిదైంది లెండి, పెద్ద క్రూజ్ షిప్పులన్నీ అవతల పడమటి తీరంలో ఫ్రెడరిక్‌స్టెడ్ దగ్గర ఆగుతాయి కాబట్టి ఇక్కడ తోపులాట ఉండదు. నా రేటింగ్ 5కి 4, ఆ ఒక్కటి ఎందుకు కోశానో కింద చెప్తా.

డెన్మార్క్ కంపెనీ 1733లో ఫ్రెంచ్ వాళ్ళ దగ్గర ఈ దీవిని కొనేసి, కొత్త ఊరికి తమ రాజు ఆరో క్రిస్టియన్ పేరు పెట్టింది. ఇళ్ళు ఎలా కట్టుకోవాలో 1747లోనే రూల్స్ వచ్చేశాయి, అందుకే ఇప్పటికీ వీధులు దారం పట్టి గీసినట్టు ఉంటాయి. కింద షాపు, పైన ఇల్లు, ఆ పై అంతస్తు ఫుట్‌పాత్ మీదికి ముందుకొచ్చి కమానుల మీద నిలబడి ఉంటుంది. ఊరు మొత్తంలో నా ఓటు ఈ కమానుల వరండాలకే. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా కింగ్ స్ట్రీట్, కంపెనీ స్ట్రీట్ చాలా వరకు నీడలోనే తిరిగేయొచ్చు. కాకపోతే కింద చూసుకుని నడవాలి, ఎవరి గడప ఎత్తుకి తగ్గట్టు వాళ్ళు గచ్చు వేసుకున్నారు మరి, మాటిమాటికీ ఓ మెట్టు ఎక్కడం ఓ మెట్టు దిగడం, ఫోన్ చూస్తూ నడిస్తే మోకాలు పగలడం ఖాయం. స్ట్రోలర్, వీల్‌చైర్ ఉన్నవాళ్ళకి నిజంగా కష్టం.

సున్నం ఊడిన గోడ కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి దగ్గరగా చూడండి. సన్నటి పసుపు ఇటుకలు, వాటి మధ్య చెక్కిన పగడపు రాళ్ళు, ఆ రాళ్ళ మీద పగడం మెలికలు ఇంకా అలాగే ఉంటాయి. ఇటుకలేమో డెన్మార్క్ నుంచి ఓడ ఊగిపోకుండా అడుగున బరువు కోసం వేసుకొచ్చినవి, తిరిగి వెళ్ళేటప్పుడు ఆ ఓడల్లో చక్కెర ఎక్కేది.

ఒడ్డునే ఉన్న పసుపు రంగు కోట, ఫోర్ట్ క్రిస్టియన్స్‌వార్న్, 1738లో మొదలుపెట్టి 1749కి పూర్తి చేశారు. ఇప్పుడు నేషనల్ పార్క్ సర్వీస్ చూసుకుంటోంది, చాలా శుభ్రంగా ఉంది. పైన ఫిరంగుల దగ్గర గాలి, హార్బర్ వ్యూ అదిరిపోతాయి, అందరూ అక్కడే సెటిల్ అయిపోతారు, కానీ కింద జైలు గదుల్లోకి వెళ్ళకుండా మాత్రం రావద్దు. అమెరికా 10 డాలర్ల నోటు మీద ఉండే అలెగ్జాండర్ హామిల్టన్ ఉన్నాడు కదా, వాళ్ళమ్మ రేచల్‌ని మొదటి మొగుడు ఇక్కడే జైల్లో పెట్టించాడు. తర్వాత ఆవిడ ఇదే ఊళ్ళో షాపు నడిపింది, 1768లో జ్వరంతో పోయింది. పిల్లాడు ఓ వ్యాపారి ఆఫీసులో గుమాస్తాగా చేరాడు, 1772లో వచ్చిన తుఫాను గురించి రాసిన ఉత్తరం పేపర్లో పడితే ఊళ్ళోవాళ్ళు చందాలేసి చదువుకి అమెరికా పంపించారు.

కోట తర్వాత జనం నేరుగా బోర్డ్‌వాక్ (ఒడ్డు వెంట వేసిన చెక్క బాట) మీద డ్రింక్స్‌కి వెళ్ళిపోతారు, నాకు అది నచ్చలేదు. దగ్గర్లోనే 1749 నాటి కంపెనీ గోడౌన్ ఉంది, దాని ఆవరణలోనే బానిసలుగా తెచ్చిన మనుషుల్ని వేలం వేశారు. ఈ ముచ్చటైన పసుపు గోడలన్నీ ఎవరి చెమటతో లేచాయో తెలియాలంటే అక్కడ కాసేపు నిలబడాలి. వాళ్ళకి విడుదల 1848 జులై 3న గానీ రాలేదు, అదీ ఫ్రెడరిక్‌స్టెడ్ కోట ముందుకి వేలమంది కదిలొచ్చి పట్టుబడితేనే గవర్నర్ ప్రకటించాడు. 1917లో డెన్మార్క్ రెండున్నర కోట్ల డాలర్లకి ఈ దీవుల్ని అమెరికాకి అమ్మేసింది. ఎదురుగా స్టీపుల్ బిల్డింగ్ 1753 నాటి లూథరన్ చర్చి, తర్వాత బేకరీ, ఆసుపత్రి, బడి ఇలా అన్ని వేషాలూ వేసింది. 1856 నాటి స్కేల్ హౌస్ చక్కెర తూచిన చోటు, ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

ఇక కోసిన స్టార్ సంగతి. బిల్డింగులు చాలా వాటికి తాళాలే, కొన్నిటికి పైకప్పు కూడా లేదు, లోపల చెట్లు మొలిచాయి. 1989లో హ్యూగో, 2017లో మరియా తుఫాన్లు కొట్టిన దెబ్బలు చిన్నవేం కాదు, అర్థం చేసుకోగలం, కానీ చీకటి పడితే బోర్డ్‌వాక్ వదిలి రెండు వీధులు లోపలికి వెళ్తే మనిషి కనబడడు. ఆదివారం సగం షాపులు మూతే. ఒడ్డున ఓ రెస్టారెంట్‌లో సర్వీస్ ఎంత నిదానమంటే, ఆర్డర్ ఇచ్చిన సంగతి మేమే మర్చిపోయాం. అన్నట్టు షాపులోకి అడుగుపెట్టగానే ముందు మీరే గుడ్ మార్నింగ్ చెప్పాలి, నేరుగా రేటు అడిగితే పొగరు అనుకుంటారు, చెప్పి చూడండి వాళ్ళ మొహమే మారిపోతుంది.

తిండికి ఖర్చు పెట్టే ముందు రోడ్డు పక్క అమ్మే ‘పాటే’ (pate) అనే చిరుతిండి తినండి, ఉప్పు చేప గానీ గొడ్డుమాంసం గానీ కూరిన వేడి వేడి వేపుడు, మన కజ్జికాయకి కారం పెట్టినట్టు. శాకాహారులు రస్తాఫారీ (జమైకాలో పుట్టిన ఓ మతం) వాళ్ళ ఐటల్ అనే వంట వెతుక్కోండి, మాంసం అస్సలు కలపరు. రోటీ కూడా దొరుకుతుంది, అది ట్రినిడాడ్ వైపు నుంచి వచ్చింది. ఈ దీవికి నేరుగా కూడా 1863లో కలకత్తా నుంచి మనవాళ్ళని చెరకు తోటల్లో కూలీకి ఓడలో తెచ్చారు, ఒప్పందం అయ్యాక ఎక్కువమంది తిరిగి వెళ్ళిపోయారు.

కారు తీసుకుంటే జాగ్రత్త, అమెరికా జెండా ఉన్నా ఇక్కడ బండి ఎడమ వైపు నడపాలి, స్టీరింగ్ మాత్రం అమెరికాలోలాగే ఎడమ వైపే. పక్కనే ఉన్న బక్ ఐలాండ్ అనే చిన్న దీవికి వెళ్ళే పడవలు ఈ డౌన్‌టౌన్ నుంచే బయల్దేరతాయి, కాబట్టి పొద్దున సముద్రం, సాయంత్రం ఊరు అని ప్లాన్ చేసుకోవచ్చు. అమెరికాకి తిరిగొచ్చేటప్పుడు ఇక్కడి ఎయిర్‌పోర్ట్‌లో కస్టమ్స్, ఇమిగ్రేషన్ చెక్ ఉంటుంది, డొమెస్టిక్ ఫ్లైటే కదా అని వీసా కాగితాలు ఇంట్లో వదిలేసి రాకండి.