ఆరేళ్ల ఎస్క్రో ఖాతా: మా ఇంటి అప్పు వసూలు చేసే సంస్థపై సమీక్ష

టెక్సాస్‌లో, డాలస్‌కు ఉత్తరాన ఉన్న డెంటన్ కౌంటీలో, కొత్తగా కట్టిన ఇంటిని మేము 2019 ఆగస్టులో కొన్నాము. ముప్పై ఏళ్ల గడువు, 3.5 శాతం వడ్డీ, 3,60,000 డాలర్ల అప్పు. ఆ అప్పు ఇచ్చినది ఒక సంస్థ, మొదటి మూడేళ్లు వాయిదాలు వసూలు చేసినది మరొక సంస్థ, 2022 నవంబరు నుంచి నేటి వరకు వసూలు చేస్తున్నది ఇంకొకటి. ఈ సమీక్ష ప్రధానంగా ఆ మూడవదాని గురించి. పేరు రాయడం లేదు. మా వీధిలోని తెలుగు కుటుంబాలతో మాట్లాడిన తరువాత, నేను చెప్పబోయే జబ్బులు ఆ ఒక్క సంస్థకే ఉన్నవి కావని తెలిసింది.

ఎస్క్రో అంటే ఏమిటో ఇండియాలో ఇంటి అప్పు తీర్చినవారికి వెంటనే తట్టదు. కూకట్‌పల్లిలో మా అత్తగారి ఫ్లాటుకు బ్యాంకు అప్పు ఉన్నన్నాళ్లూ ఇంటి పన్ను మేమే కట్టేవాళ్లము. ఏప్రిల్‌లో కడితే జీహెచ్‌ఎంసీ ఇచ్చే 5 శాతం తగ్గింపు కోసం మామగారు తేదీ చూసుకుని మరీ కట్టేవారు. బ్యాంకుకు వాయిదాతో తప్ప పన్నుతో పని ఉండేది కాదు. ఇక్కడ అలా కాదు. ఏడాదికి ఎంత పన్ను, ఎంత ఇన్సూరెన్సు అవుతుందో సంస్థే అంచనా వేసి, పన్నెండుతో భాగించి, అసలూ వడ్డీతో పాటు నెలనెలా మన దగ్గర వసూలు చేసి, గడువు వచ్చినప్పుడు కౌంటీకీ ఇన్సూరెన్సు కంపెనీకీ తానే చెల్లిస్తుంది. రాష్ట్ర ఆదాయపు పన్ను లేని టెక్సాస్‌లో ఆస్తి పన్ను భారం ఎక్కువ కాబట్టి, ఈ ఖాతాలో నిలిచే డబ్బు చిన్నదేమీ కాదు. దానికి వడ్డీ ఇవ్వాలన్న చట్టం కాలిఫోర్నియాలో ఉంది, కనీసం 2 శాతం, టెక్సాస్‌లో లేదు.

మొదటి దెబ్బ పాత సంస్థ దగ్గరే తగిలింది. కొత్త ఇల్లు కొనేవారందరికీ పనికివచ్చే విషయం కనుక లెక్కలతో సహా చెబుతాను. టెక్సాస్‌లో ఆస్తి విలువను జనవరి 1 నాటి స్థితిని బట్టి నిర్ణయిస్తారు. 2019 జనవరి 1న మా ఇల్లు లేదు, ఉన్నది ఖాళీ స్థలమే. కాబట్టి ఆ ఏటి పన్ను 1,870 డాలర్లే వచ్చింది. ఇల్లు రాయించుకున్న రోజున మాత్రం పూర్తి ఇంటి విలువ మీద ఏడాదికి 9,000 పన్ను, 1,800 ఇన్సూరెన్సు అని అంచనా వేసి నెలకు 900 డాలర్లు ఎస్క్రోకు కేటాయించారు. అది సరైన అంచనా. 2020 మే నెలలో ఏటా జరిగే ఎస్క్రో లెక్క చూసినప్పుడు సంస్థ ఏమి చేసిందంటే, కిందటి ఏడు కట్టిన 1,870నే వచ్చే ఏటి పన్నుగా పెట్టుకుని, నెలకు 306 డాలర్లు చాలునని తేల్చి, మిగులు అంటూ 5,890 డాలర్ల చెక్కు పంపింది. నెల వాయిదా 2,517 నుంచి 1,923కు దిగింది. మా వారు చెక్కు చూసి సంబరపడ్డారు. నేను ఫోన్ చేసి, ఇది స్థలం మీద వేసిన పన్ను, వచ్చే ఏడు ఇంటి మీద వేస్తారు, పాత 900 అలాగే ఉంచండి అని అడిగితే, లెక్క కంప్యూటరు వేసినది, మేము మార్చలేము అన్నారు. ఆ డబ్బులో సగం పెరటి వరండా కప్పుకు పోయింది. ఆ తప్పు మాదే.

ఆ డిసెంబరులో 8,900 డాలర్ల పన్ను వచ్చింది. ఖాతాలో ఉన్నది 2,482. తక్కువ పడిన సొమ్మును సంస్థే ముందుగా కట్టింది. వాయిదాలు సక్రమంగా కట్టేవారి విషయంలో అలా కట్టక తప్పదని చట్టం. 2021 మే లెక్కలో ఆ బాకీ 4,888, రాబోయే ఏడాదికి ఖాతాలో ఉండవలసినది 6,239, వెరసి 11,127 డాలర్లు కొరతగా తేలాయి. పన్నెండు నెలలకు పంచితే నెలకు 927. వాయిదా 1,923 నుంచి 3,436కు ఎక్కింది. ఆ ఉత్తరం చదివిన ఎవరికైనా దోచుకుంటున్నారనే అనిపిస్తుంది. నిదానంగా కూడి చూస్తే అందులో ఒక్క డాలరు కూడా ఎక్కువ లేదు. ఏడాది ముందు మాకు తిరిగి ఇచ్చినదీ, మేము కట్టకుండా మిగుల్చుకున్నదీ కలిసి వెనక్కి వచ్చాయి. కొత్తగా కట్టి ఇంకా విలువ కట్టని ఇళ్లకు ఆ ప్రాంతంలోని అలాంటి ఇళ్ల పన్నును చూసి అంచనా వేయవచ్చునని, ఇలాంటి సంస్థలకు వర్తించే ఫెడరల్ నియమావళి రెగ్యులేషన్ ఎక్స్‌లోనే ఉంది. వేయాలి అని లేదు, వేయవచ్చు అని ఉంది. ఆ ఒక్క మాట తేడాలో మా వీధిలో ఏడెనిమిది ఇళ్లవారు ఇరుక్కున్నారు.

ఇక ఇప్పటి సంస్థ. మన అప్పును మనల్ని అడగకుండానే అమ్ముకోవచ్చు, వసూలు హక్కును మరొకరికి బదిలీ చేయవచ్చు. పాతవారు పదిహేను రోజుల ముందు ఉత్తరం పంపాలి, కొత్తవారు బదిలీ జరిగిన పదిహేను రోజుల లోపు పంపాలి. ఇద్దరూ పంపారు. కాని బదిలీ నవంబరు 1న జరిగింది. కౌంటీ పన్ను బిల్లులు వచ్చేది సరిగ్గా ఆ రోజుల్లోనే. పెళ్లి పందిట్లో వంటవాణ్ణి మార్చినట్టు, అంతకంటే చెడ్డ ముహూర్తం దొరకదు.

నవంబరు వాయిదా మా బ్యాంకు నుంచి అలవాటు ప్రకారం పాత సంస్థకు వెళ్లింది. బదిలీ తరువాత అరవై రోజుల వరకు, గడువులోగా పాతవారికి చేరిన డబ్బును ఆలస్యంగా లెక్కించకూడదు. అయినా 17వ తేదీన వాయిదా రాలేదని ఫోను వచ్చింది, ఆలస్య రుసుము పడింది. అరవై రోజుల సంగతి చెబితే అవతలి అమ్మాయి నన్ను పావుగంట హోల్డ్‌లో ఉంచి, వచ్చి రుసుము తీసేసింది. ఇది చిన్న విషయం.

పెద్దది పన్ను. టెక్సాస్‌లో జనవరి 31 గడువు. ఫిబ్రవరి 1 నుంచి 6 శాతం జరిమానా, 1 శాతం వడ్డీ. 2023 ఫిబ్రవరి రెండవ వారంలో, మరేదో పని మీద కౌంటీ పన్నుల సైటులో మా ఇంటి చిరునామా కొట్టి చూస్తే, 9,640 డాలర్ల బిల్లు అలాగే ఉంది, దాని మీద 674.80 కూడి ఉంది. సంస్థ సైటులో మాత్రం ఎస్క్రో నిల్వ నిక్షేపంలా కనిపిస్తోంది. పాతవారు కట్టి ఉంటారని కొత్తవారు అనుకున్నారు, బదిలీ అయిపోయింది కదా అని పాతవారు ఊరుకున్నారు. మూడు సార్లు ఫోను చేశాను. మొదటిసారి మాట్లాడినవారు పన్ను కట్టేశామన్నారు. రెండవసారి, కౌంటీ బిల్లు పంపలేదన్నారు. మూడవసారి, కట్టవలసిన బాధ్యత మీదేనన్నారు, నెలనెలా అందుకోసమే నా దగ్గర డబ్బు తీసుకుంటూ. మా ఫోనుల పుణ్యమో మరేమో కాని ఫిబ్రవరి 21న పన్ను కట్టారు. జరిమానాను మా ఎస్క్రోలో నుంచే కట్టారు.

అప్పుడు ఫోను మానేసి ఉత్తరం రాశాను. నోటీస్ ఆఫ్ ఎర్రర్ అన్న మాట నాకు అంతకు ముందు తెలియదు. వాయిదా వసూలు చేసే సంస్థ తప్పు చేసిందని పేరు, అప్పు నంబరు, జరిగిన తప్పు రాసి, ఆ సంస్థ ఇలాంటి ఉత్తరాల కోసమే ప్రకటించిన చిరునామాకు పంపితే, అయిదు పని దినాలలో అందినట్లు చెప్పాలి, ముప్పై పని దినాలలో సరిదిద్దాలి లేదా ఎందుకు తప్పు కాదో కారణం రాయాలి. కావాలంటే మరో పదిహేను పని దినాలు తీసుకోవచ్చు. వాయిదా చెక్కు పంపే చిరునామాకు పంపితే ఈ గడువులు పట్టకపోవచ్చు. ఆ రెండు చిరునామాలూ వేరు, మా నెలవారీ స్టేట్‌మెంటులో రెండవ పేజీ అడుగున చిన్న అక్షరాలలో రెండవది ఉంది. ఒకటిన్నర పేజీ ఉత్తరం, కౌంటీ సైటులోని బిల్లు ప్రతి, మా చెల్లింపుల పట్టీ జతచేసి సర్టిఫైడ్ మెయిల్‌లో (మన రిజిస్టర్డ్ పోస్టు లాంటిది) పంపాను. నాలుగవ రోజు అందిందన్న ఉత్తరం వచ్చింది. ఇరవై ఎనిమిదవ పని దినాన 674.80 డాలర్లు మా ఎస్క్రోలో తిరిగి జమ అయ్యాయి, క్షమాపణతో. ఫోనులో ముగ్గురు మూడు మాటలు చెప్పిన సంస్థే కాగితం మీద ఒక్క మాట మీద నిలబడింది.

ఆ ఆగస్టులో ఇన్సూరెన్సు గొడవ. పాలసీలో అప్పు ఇచ్చినవారి పేరు రాసే చోట పాత సంస్థ పేరు, పాత అప్పు నంబరు ఉండిపోయాయి. బదిలీతో నంబరు కూడా మారుతుందని, దానిని ఇన్సూరెన్సు ఏజెంటుకు మేమే చెప్పుకోవలసి ఉంటుందని మాకు తోచలేదు. 2,740 డాలర్ల బిల్లు పాతవారికి వెళ్లి తిరిగి వచ్చింది. పాలసీ రద్దు కాబోతున్నదని ఏజెంటు చెప్పగానే కార్డుతో మేమే కట్టేశాము. అయినా సెప్టెంబరులో సంస్థ నుంచి, మీ ఇంటికి ఇన్సూరెన్సు ఉన్నట్టు ఆధారం లేదు, నలభై అయిదు రోజులలో చూపించకపోతే మేమే తీసుకుంటాము అని ఉత్తరం. పాలసీ వివరాలుండే డిక్లరేషన్ పేజీని వారి సైటులో రెండు సార్లు ఎక్కించాను. రెండవ హెచ్చరిక వచ్చింది. నవంబరులో వారే ఒక పాలసీ తీసుకుని 5,180 డాలర్లు మా ఖాతా మీద వేశారు. ఆ పాలసీ ఇంటి గోడలకే. లోపలి సామానుకు కాదు. ఈసారి మళ్లీ ఉత్తరం రాసే ఓపిక లేక, వినియోగదారుల ఆర్థిక రక్షణ కోసం 2011లో పని మొదలుపెట్టిన ఫెడరల్ సంస్థ సీఎఫ్‌పీబీకి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు ఇచ్చాను. పదకొండవ రోజున సంస్థ నుంచి ఒకాయన ఫోను చేశారు. పాలసీ ఒక్క రోజు కూడా ఆగలేదని రుజువైనందున మొత్తం 5,180 రద్దు చేశారు, మేము కట్టిన 2,740 కూడా ఎస్క్రో నుంచి తిరిగి ఇచ్చారు. ఆధారం అందిన పదిహేను రోజులలో చేయవలసిన పని అది.

అప్పటి నుంచి పెద్ద తప్పు జరగలేదు, న్యాయంగా అదీ చెప్పాలి. 2023 నవంబరులో టెక్సాస్ ఓటర్లు, సొంతంగా నివసించే ఇంటి విలువలో పన్ను నుంచి వదిలేసే హోమ్‌స్టెడ్ మినహాయింపును స్కూలు పన్ను విషయంలో 40,000 నుంచి 1,00,000 డాలర్లకు పెంచడానికి ఒప్పుకున్నాక మా బిల్లు తగ్గింది. 2024 మే లెక్కలో 1,312 డాలర్ల మిగులు తేలితే అడగకుండానే చెక్కు పంపారు. ఈసారి దానిని ముట్టుకోలేదు. వడగండ్లకు ఇంటి కప్పు పోయినప్పుడు ఇన్సూరెన్సు చెక్కు మా పేరు, సంస్థ పేరు కలిపి వచ్చింది. వారి సంతకం కోసం పంపితే మూడు వారాలు పట్టింది, దారిలో పోలేదు. అసలుకు అదనంగా కట్టే సొమ్మును ప్రతిసారీ అసలుకే జమ చేశారు. ఆ ఏడు కట్టిన వడ్డీని చూపే 1098 ఫారం ఏటా జనవరిలో సమయానికి వస్తుంది. వారి ఫోను యాప్ బాగుంటుంది.

ఈ సంస్థలు ఇలా ఎందుకు పనిచేస్తాయో ఒకసారి లెక్క వేశాను. ఇంటి అప్పులను కొనే పెద్ద సంస్థలు ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్‌ల చేతిలో ఉన్న మాలాంటి స్థిర వడ్డీ అప్పులకు వసూలు రుసుము మామూలుగా మిగిలిన అసలు మీద ఏడాదికి 0.25 శాతం. మా అప్పు మీద అది నెలకు డెబ్బై డాలర్ల లోపు. ఆ డెబ్బైలోనే వసూలు, ఎస్క్రో, సైటు, ఫోను అన్నీ జరగాలి. నేను గంటసేపు ఫోనులో ఉంటే ఆ నెల వారికి మిగిలేది ఏమీ లేదు. పైగా మేము వారి వినియోగదారులము కాము. వారిని ఎంచుకున్నది అప్పు సొంతదారు. నచ్చకపోతే వదిలి పోవాలంటే మళ్లీ అప్పు రాయించుకోవాలి, 2023లో వడ్డీ 7 శాతం దాటిన తరువాత 3.5 వదులుకునేది ఎవరు?

5 నక్షత్రాలకు 2 ఇస్తున్నాను. ఒకటి ఉత్తరానికి ఇచ్చిన జవాబుకు, ఒకటి 2024 తరువాతి శుభ్రమైన లెక్కకు. ఇప్పుడు ప్రతి డిసెంబరు 20న నేను అడగకముందే మా వారు కౌంటీ సైటు తెరుస్తారు. మొన్న చూసినప్పుడు 18వ తేదీనే పన్ను కట్టి ఉంది. అప్పు ఇంటి విలువలో 80 శాతం కంటే బాగా కిందికి దిగింది కనుక, ఎస్క్రో పూర్తిగా తీసేసి పన్నూ ఇన్సూరెన్సూ మేమే కట్టుకుంటామని జనవరిలో దరఖాస్తు పెట్టాము. ఆ ఉత్తరం కూడా రెండవ పేజీ అడుగున ఉన్న చిరునామాకే, సర్టిఫైడ్ మెయిల్‌లో పంపాము. అందినట్లు తెలిపే తపాలా వారి పచ్చ రసీదు కార్డు తిరిగి వచ్చింది. జవాబు రావలసి ఉంది.