బర్కుల్ రేవులో ఒక రోజు ఆగిపోయాం

ఒడిశాలో చిలికా సరస్సుకి వెళ్లేవాళ్లు రోడ్డు మీద ఆటో ఆపి బోటు బేరం పెట్టేవాళ్లకి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మేం 1,800 ఇచ్చి మోసపోయాం.

మా అత్తయ్యకి ఆ సరస్సులో దీవి మీదున్న కాళిజాయి అమ్మవారి మొక్కు ఉంది. సంక్రాంతి జాతరలో జనం ఎక్కువని ఏప్రిల్‌లో బయల్దేరాం. బరంపురం నుంచి బాలుగావ్‌కి రైలు, అక్కణ్ణుంచి ఆటోకి 150. దార్లో ఒకతను చెయ్యెత్తి ఆపాడు. రెండు గంటలు, రెండు దీవులు, లైఫ్ జాకెట్లు, అన్నీ కలిపి 1,800, ముందే కట్టాలన్నాడు. చీటీ రాసిచ్చాడు. బర్కుల్ రేవుకెళ్లి అడిగితే పడవాయనకి అందింది 900. ఒక్క కాళిజాయే. జాకెట్లు రెండే, మేం ఐదుగురం.

పడవాయన మన తెలుగు నోలియా, అంటే ఒడిశా తీరంలో ఉండే తెలుగు జాలరి. మమ్మల్ని ఎక్కించుకోకుండా వాయవ్యం మూల చూశాడు. "అమ్మా, అటు నల్లబడింది. కాసేపు ఆగండి, గాలొచ్చేస్తది" అన్నాడు. మావారికి కోపం వచ్చింది. ఎండ కాస్తోంది, డబ్బు కట్టాం, ఇదేం సాకు అని అరిచారు. ఆయన మారు మాట్లాడలేదు. పడవ తాడు గుంజకి ఇంకో చుట్టు చుట్టాడు.

అరగంటకి కాలబైశాఖి, అదే ఎండాకాలపు గాలివాన, విరుచుకుపడింది. టీ కొట్టు పట్టా ఎగిరిపోయింది, గ్లాసులు దొర్లాయి. లోతు లేని నీళ్లు కదా, అడుగు బురదంతా లేచి ఎర్రగా అయిపోయింది. అలలు పొట్టివే, కానీ ఊపిరి పీల్చుకునే సందు లేకుండా ఒకదాని మీద ఒకటి. చిన్నవాడు నా కొంగు వదల్లేదు. మావారు నోరెత్తలేదు.

అత్తయ్య అప్పుడు జాయి కథ చెప్పింది. పారికూడు దీవికి కోడలిగా వెళ్తున్న పిల్ల. తండ్రితో పడవలో ఉండగా గాలివాన. అందరూ బతికారు, ఆ పిల్ల ఒక్కతే దొరకలేదు. ఆమే అమ్మవారైందని నమ్మకం. ఆ నీళ్లు చూశాక నాకది ఉత్త కథ అనిపించలేదు.

పారికూడు వాళ్లకి అప్పట్లో పడవే దారి. గాలి లేస్తే పెళ్లివారైనా, పురిటి మనిషైనా ఒడ్డునే. ఎండకి ఉప్పునీళ్లు ఆరబెట్టి ఉప్పు తీసేవారు. అకాల వాన పడితే ఆ కష్టమంతా నీళ్లే. 1865లో వానలు ముఖం చాటేశాయి, 1866లో ఒడిశా అంతా కరువు. బియ్యం ఓడలు వచ్చినా వానాకాలపు సముద్రం సరుకు దించనివ్వలేదు. మా బరంపురం వాళ్లకి 2013 అక్టోబరు 12 ఫైలిన్ తుపాను రాత్రి చాలు, గాలంటే ఏమిటో తెలియడానికి. అప్పుడు లక్షల మందిని ముందే తరలించారు కాబట్టి ప్రాణాలు దక్కాయి.

ఆ రాత్రి లాడ్జి 1,400, దుప్పటి తడి, ఫ్యాను లేదు. దాని గురించి ఇంతకంటే రాయను. పక్క హోటల్లో పీతల కూర, అన్నం 180. అత్తయ్య నీచు తినదు, మేం మాత్రం గిన్నె ఊడ్చేశాం.

మర్నాడు 6 గంటలకి నీళ్లు అద్దంలా ఉన్నాయి. పడవాయన ఎక్కడినుంచో ఇంకో మూడు జాకెట్లు తెచ్చి పెట్టాడు. ఆ పాత 900కే తీసుకెళ్లి తీసుకొచ్చాడు. మావారు 500 ఇవ్వబోతే డీజిలుకని 200 తీసుకున్నాడు. చీటీ ఇచ్చినవాడి ఫోను ఇప్పటికీ స్విచాఫ్. అత్తయ్య పడవ దిగుతూ ప్రసాదంలో సగం పడవాయన చేతిలో పెట్టి, "నిన్న మావాడి మాటలు మనసులో పెట్టుకోకు నాయనా" అంది.